ఎవరి దెబ్బ వాళ్ళే చెప్పాలి

"ఏటండీ, ఆయాసపడుతున్నారు?"

"ఏం లేదే. విను. ఒక్క దెబ్బకే గుంటలో పడింది నాకు."

"ఒక్క దెబ్బకా? మీకా?"

"నాకే. బూరెలకి పప్పు నానబెట్టీ. రేపు మధ్యాహ్నానికి అందరం దిగిపోతాం."

"ఎలాగ పడిందేటి?"

"ఫోన్లో చెప్పీసేదా అది? వచ్చేక చెప్తాను."

"సరే, రండి. మఫ్లరు చుట్టుకోండి."

మేమిద్దరం ఆఖరున మాట్లాడుకున్నది ఇంతే. మఫ్లరు మాటకి ఆయన ఊఁ అన్నారో లేదో కూడా తెలియదు, ఈలోగా ఫోను కట్టయిపోయింది. కొండల్లో సిగ్నలు అలాగే ఉంటుంది. నేను మినప్పప్పూ బియ్యం ఒక గిన్నెలో, శనగపప్పు ఇంకో గిన్నెలో పోసి నీళ్ళు పోశాను. ఆ సాయంత్రం కొండ మీది గెస్ట్‌హౌసు వరండాలో కుర్చీలో కూర్చుని, బూట్ల లేసు విప్పుకోవడానికి వంగి, ఆయన మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. మర్నాడు ఇంటినిండా జనం. పక్క ఫ్లాటావిడ వంటింట్లో ఉబ్బిన పప్పు చూసి, "ఇది ఏం చెయ్యమంటారు ఆంటీ?" అని అడిగింది. పారబొయ్యమన్నాను.

నా చదువు రెండో తరగతి దగ్గర ఆగిపోయింది. బస్సు మీది నంబరు పోల్చుకోగలను, నా పేరు రాయగలను, అంతకు మించి రాదు. మా చెల్లెలి కూతురు ఈ ఢిల్లీలోనే మునిర్కాలో గది తీసుకుని పరీక్షలకు చదువుకుంటోంది. ఆదివారాలు మయూర్ విహార్‌లో నా దగ్గరకు వస్తుంది. నేను చెబుతుంటే ఈ పిల్లే రాస్తోంది. నా గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురే. "పెద్దమ్మా, నువ్వు మామూలుగా చెప్పినా తిట్టినట్టుంటుంది" అంటుంది. తిట్టడం లేదు తల్లీ, రాయి.

మా ఆయన పెద్ద ఆఫీసరేం కాదు. శ్రీకాకుళం నుంచి గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా ఢిల్లీ వచ్చి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. ఒకనాడు వాళ్ళ డైరెక్టరుగారి గోల్ఫు ఆటకి నాలుగో మనిషి రాలేదట. "నువ్వొచ్చి ఊరికే నిలబడు, చాలు" అని ఈయన్ని తీసుకెళ్ళారు. ఊరికే నిలబడడానికి వెళ్ళిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి గొడుగు తిరగేసి పట్టుకుని హాల్లో ఊపడం మొదలుపెట్టారు. తరవాత డైరెక్టరుగారు బదిలీ మీద వెళుతూ తన పాత కర్రల సంచీ ఈయనకు ఇచ్చేశారు. డబ్బు కట్టి ఎవరైనా ఆడుకునే మైదానం ఒకటి ఉంది ఇక్కడ. తెల్లవారే బస్సులో ఆ సంచీ వీపున వేసుకుని వెళ్ళేవారు. కండక్టరు సంచీకి కూడా టికెట్టు అడిగేవాడు.

అక్కడే ఆయనకు ముగ్గురు తోడు దొరికారు. లారీల వ్యాపారం చేసి చాలించుకున్న సర్దార్జీ ఒకరు, మీరట్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ బ్యాంకు మేనేజరు ఒకరు, మన గుంటూరు వైపు ఇంజనీరు ఒకరు. ఆ గుంటూరాయనొక్కడే నన్ను అక్కయ్యా అని పిలిచేది, మిగతా ఇద్దరికీ నేను భాభీజీని. నలుగురూ కలిసి సర్దార్జీ కారులో ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఎక్కడికి వెళ్ళినా గుళ్ళూ కోటలూ చూసేది లేదు, ఆ ఊరి మైదానంలో ఆడి రావడమే. తిరిగొచ్చాక వచ్చే ఆదివారం మా ఇంట్లో చేరేవాళ్ళు. మా ఇంట్లోనే ఎందుకంటే, ఒకటి నా పకోడీలు, రెండు వాళ్ళ భార్యలు ఈ కబుర్లు తమ ఇళ్ళలో పడనిచ్చేవాళ్ళు కాదు.

టీలయ్యాక బల్ల ఖాళీ చేసి నా వంటింటి సామాను పట్టుకుపోయేవాళ్ళు. స్టీలు గ్లాసులు చెట్లు, అప్పడాల కర్ర కాలువ, బోర్లించిన గిన్నె కొండ, ఒక శనగ గింజ బంతి. దానిమీద ఆ మైదానాన్ని మళ్ళీ మొదటినుంచీ నడిచేవాళ్ళు. నేను పకోడీల చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేదాన్ని. రాజస్థాన్‌లో ఒక ఊళ్ళో గడ్డే ఉండదట. గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి ఉంటుందట, ఆడి వెళ్ళేవాడు తన కాలి గుర్తులు తనే చెరిపి వెళ్ళాలట. సముద్రం పక్కన ఒకచోట సర్దార్జీ కొట్టిన బంతి గాలికి తిరిగొచ్చి ఆయన కాళ్ళ దగ్గరే పడిందట. కొండల్లో ఒకచోట కాకి బంతిని ముక్కున కరుచుకుని ఎగిరిపోతే గుంటూరాయన కర్ర పట్టుకుని దాని వెంటపడ్డాడట. ఆ ఊళ్ళలో ఒక్కటీ నేను చూడలేదు. చూడలేదంటే ఎవరూ నమ్మరు, ఏ మలుపులో ఏ చెట్టుందో అన్నీ చెప్పగలను.

వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. ఎవరి దెబ్బ వాళ్ళే చెప్పాలి. ఆ మనిషి నోరు విప్పకుండా ఇంకొకడు అతని దెబ్బ గురించి ఎత్తకూడదు. కానీ ఒకసారి మొదలెట్టాడంటే మాత్రం మిగతా ముగ్గురూ అడుగడుగునా అడ్డం పడవచ్చు. అసలు సరదా అదే.

"గాలి ఎదురుగా కొట్టింది భాభీజీ, తుఫానులాగా" అని సర్దార్జీ అనగానే బ్యాంకాయన అందుకునేవాడు.

"ఝూఠ్. ఆకు కూడా కదల్లేదు. బంతికి తగిలితే కదా ఎగరడానికి, ఈయన గడ్డి కోశాడు."

"నువ్వెక్కడ చూశావు? నువ్వు పొదల్లో దూరి నీ బంతి వెతుక్కుంటున్నావు."

"పొదల్లోంచి కూడా కనిపించేంత గడ్డి లేచింది."

మా ఆయన వంతు వచ్చేసరికి అందరూ కుర్చీలు ముందుకు జరుపుకునేవాళ్ళు. ఆయన కర్ర ఊపితే చేతిపంపు కొట్టినట్టు ఉంటుందని సర్దార్జీ పేరు పెట్టాడు. బంతి ఎప్పుడూ కుడికే పోయేది. ఆయన కూడా కప్పిపుచ్చేవారు కాదు. "ఈసారి పక్కనున్న పెళ్ళి పందిట్లో పడింది, భోజనాలకి పిలుస్తారేమోనని చూశాను" అని తన దెబ్బల్ని తనే గేలి చేసుకునేవారు. ఆయన చెప్పినట్టు ఆ ముగ్గురిలో ఎవరూ చెప్పలేరు.

ఒక్క దెబ్బకే బంతి గుంటలో పడడం వాళ్ళలో ఎవరికీ ఎప్పుడూ జరగలేదు. జన్మంతా ఆడినా చాలామందికి జరగదట. పడినవాడు తోటివాళ్ళందరికీ విందు పెట్టాలట, లేచి నిలబడి ఆ సంగతి చెప్పాలట. అది ఈయనకు పడింది. చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఆ ముగ్గురూ ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు, పాడె మోశారు. పెన్షను కాగితాల పనంతా బ్యాంకాయన చూసిపెట్టాడు. గుంటూరాయన నెలకోసారి ఫోను చేసేవాడు, "ఎట్లా ఉన్నారు అక్కయ్యా?" అని. బాగున్నానని చెప్పేదాన్ని. ఆ దెబ్బ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మొదట్లో, దుఃఖంలో ఉన్నారు, ఎలా చెబుతారు అనుకున్నాను. తరవాత, పెద్దకర్మ అయ్యాక చెబుతారు అనుకున్నాను. తరవాత దీపావళి మిఠాయి పట్టుకుని సర్దార్జీ వస్తే, ఈవేళ చెబుతాడు అనుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన టీ తాగి, ఫొటోకి దండం పెట్టి, "ఏం కావాలన్నా చెప్పండి భాభీజీ" అని వెళ్ళిపోయాడు. నాకు కావలసింది ఆయన నాలుక చివరనే ఉంది.

మా అమ్మాయి ఇక్కడికి దగ్గరే, వైశాలిలో ఉంటుంది. ఒకరోజు దానితో అన్నాను.

"ఫోన్ చేసి అడిగెయ్యమ్మా. ఇందులో ఏముంది?" అంది.

"అలా అడిగేది కాదే."

"పడింది, అంతే కదా. అందులో చెప్పడానికేముంటుంది?"

దాని ఆఫీసు దానిది. దాన్నేమీ అనను. కానీ ఎన్ని చోట్ల తిరిగొచ్చినా ఆ మనిషి నాకు చెప్పకుండా అన్నం తినేవారు కాదు. వచ్చాక చెప్తాను అని ఒక మనిషి అన్నాక చెవి అలా తెరుచుకునే ఉండిపోతుంది. టీవీ పెట్టినా, కింద పార్కులో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నా, అది మూతపడదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే బల్ల మీద గ్లాసులు పెట్టి చూశాను. ఆ మైదానంలో కొండ ఎటు, గుంట ఎటు, ఈయన ఎక్కడ నిలబడ్డారు, ఏమీ తెలియదు. శనగ గింజ వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నా వరకు ఆ బంతి ఇంకా గాలిలోనే ఉంది.

సంవత్సరీకాలు అయిపోయాయి. ఇంట్లో నూనె మూకుడు పెట్టడానికి ఇక అడ్డేమీ లేదు. గుంటూరాయనకి ఫోను చేసి, "ఆదివారం ముగ్గురూ భోజనానికి రండి, బూరెలు చేస్తున్నాను" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. తెలుసు.

ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఏదో సభకి వచ్చినట్టు వచ్చారు. బ్యాంకాయన చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె. విప్పితే నున్నటి చెక్కపలక, దానిమీద మా ఆయన బంతి బిగించి ఉంది. ఎవరి బంతి మీద వాళ్ళు గుర్తు పెట్టుకోవాలట, ఈయనది ఎర్ర చుక్క. పలక మీద ఇత్తడి రేకులో ఇంగ్లీషు అక్షరాలు. ఏం రాశారని అడిగితే ఆయన పేరు, ఆ మైదానం పేరు, తారీకు, ఒక్క దెబ్బకే పడిందన్న సంగతి అన్నారు. భోజనాలు చేశారు. సర్దార్జీ మామూలుగా అరడజను బూరెలు తినే మనిషి, ఒకటి తిని చెయ్యి కడుక్కున్నాడు. ముగ్గురూ హాల్లో కూర్చుని నా వైపే చూస్తున్నారు.

"మొదలెట్టండి అక్కయ్యా" అన్నాడు గుంటూరాయన.

"ఏం మొదలెట్టను?"

"బావగారి దెబ్బ. పడగానే ఆయన మీకే గదా ఫోన్ చేసింది. మమ్మల్ని వదిలేసి అంత దూరం పోయి గట్టు మీద కూర్చుని మాట్లాడాడు. ఆయన బదులు మీరే చెప్పాల. మీరు పిలుస్తారనే ఇన్నాళ్ళూ మేం నోరెత్తలేదు."

"కాయదా హై భాభీజీ, మన కట్టుబాటు" అన్నాడు సర్దార్జీ. "మీ దగ్గరున్న మాట అది. మేమెలా ఎత్తుతాం?"

చేతిలోని బూరెల పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

"నాకేం చెప్పలేదు" అన్నాను. "వచ్చాక చెబుతానన్నారు."

బ్యాంకాయన కళ్ళజోడు తీసేశాడు. సర్దార్జీ గోడవైపు తిరిగి తలపాగా సర్దుకోవడం మొదలెట్టాడు, అది చక్కగానే ఉంది. ఏడాది పొడుగునా నేను వాళ్ళ నోటి కోసం, వాళ్ళు నా నోటి కోసం. ఎవరి మర్యాద వాళ్ళది. ఆ చెప్పవలసిన మనిషేమో ఫొటోలో ఉన్నారు.

"అయితే మీరే చెప్పండి" అన్నాను.

బ్యాంకాయన గొంతు సవరించుకుని మొదలెట్టాడు. ఎత్తు మీద నిలబడి కొట్టాలట, గుంట చాలా దిగువన ఉందట. ఈయన ఏడో నంబరు కర్ర తీశారట. బంతి ఆకాశంలోకి లేచి, సూటిగా వెళ్ళి, జెండాకి ఇవతల పడి, మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళి గుంటలో పడిందట. "వాహ్, ఏం దెబ్బ అది" అన్నాడు సర్దార్జీ. "నా జన్మలో అటువంటిది చూడలా" అన్నాడు గుంటూరాయన.

అయిపోయింది. ఒక్కడూ అడ్డం పడలేదు. ఝూఠ్ అని ఎవరైనా అంటారని చూశాను. అనలేదు. గ్లాసులు అడగలేదు. ఒకరు చెప్పింది ఇంకొకరు తల ఊపి ఒప్పుకుంటున్నారు. వాళ్ళు ఎవరో పెద్దమనిషి గురించి చెబుతున్నారు. సంతాప సభల్లో చెబుతారే, అలాంటి మనిషి. ఆయనకూ నాకూ పరిచయం లేదు.

"భాయీసాబ్" అన్నాను బ్యాంకాయనతో, "మా ఆయన బంతి సూటిగా ఎప్పుడెళ్ళింది?"

సర్దార్జీ పలకని అటూ ఇటూ జరిపాడు.

"ఈ గుమ్మంలో నిలబడి ఆయన దెబ్బలన్నీ విన్నాను. ఎప్పుడూ కుడికే పోయేది. చేతిపంపు అని పేరెట్టింది ఎవరు సర్దార్జీ? మీరు కాదా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు భాభీజీ?"

"ఎందుకేంటి? చచ్చిపోయాక ఆట బాగుపడిందా?"

ముందు గుంటూరాయనకే నవ్వొచ్చింది. ఆపుకోవడానికి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఊగిపోతున్నాయి.

"చెట్టుకి తగిలింది అక్కయ్యా" అన్నాడు.

"చుప్" అన్నాడు సర్దార్జీ. "చెట్టు సంగతి వద్దనుకున్నాం కదా."

"ఎవరితో అనుకున్నారు?" అన్నాను.

"మాలో మేమే. పలక చేయించేటప్పుడు." బ్యాంకాయన నా ముఖం చూడలేదు. "పెద్దమనిషికి జన్మకొక్కటి పడింది. అందులో చెట్టెందుకని."

"అసలు చెట్టు కాదు, బండ" అన్నాడు సర్దార్జీ.

"బండెక్కడుందయ్యా అక్కడ? దేవదారు చెట్టు. ఠక్ మని శబ్దం నేను విన్నా."

"బండకి తగిలినా ఠక్ మనే అంటుంది."

"భాభీజీ, గ్లాసులు" అన్నాడు బ్యాంకాయన, లేచి నిలబడి.

నేను గ్లాసులు తెచ్చాను. గిన్నె బోర్లించారు, శనగ గింజ పెట్టారు. ముగ్గురూ బల్ల మీదికి వంగారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. బంతి ఎప్పటిలాగే కుడికి, అడివిలోకి పోయిందట. ఠక్ మని వినిపించిందట. ఈయన "పోయింది" అని చుక్క పెట్టని ఇంకో బంతి తీశారట. "అది కూడా అక్కడికే పంపు, దానికి తోడుంటుంది" అన్నాడట సర్దార్జీ. నిజంగానే అదీ అక్కడికే పోయిందట. నలుగురూ దిగి పొదల్లో వెతికారట. దొరకలేదట. బ్యాంకాయన జెండా దగ్గరికెళ్ళి, ఊరికే గుంటలోకి తొంగి చూస్తే అందులో మొదటి బంతి, ఎర్ర చుక్కతో. ఠక్ మని తగిలి ఇటు ఎగిరొచ్చి పడిందన్నమాట.

"పిలిచాం" అన్నాడు గుంటూరాయన. "చూసి, నమ్మితేగా? మీరే తెచ్చి పెట్టారు, నాతో వేళాకోళాలా అని మా మీద లేచాడు. ఒక్కొక్కణ్ణీ పిలిచి నెత్తిమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు."

"నా చేత రెండుసార్లు వేయించాడు" అన్నాడు సర్దార్జీ.

"నీ మొహం అలాంటిది మరి."

"అప్పుడు కూలబడ్డాడు అక్కయ్యా, గడ్డిలో. నవ్వు. ఒకటే నవ్వు. చెట్టు వైపు చూడటం, నవ్వటం. ఊపిరాడక దగ్గు కూడా వచ్చింది. మంచినీళ్ళిస్తే వద్దని, ఫోన్ తీసుకుని గట్టు మీదికి పోయాడు."

ఫోన్లో నేను విన్న ఆయాసం అదన్నమాట. నవ్వా, గుండె నొప్పా, రెండూనా అని నేను అడగలేదు. వాళ్ళకి కూడా ఆ అనుమానం ఉన్నట్టుంది, ముగ్గురూ ఒక్కసారి ఫొటో వైపు చూశారు. అంతలో సర్దార్జీ ఒక గ్లాసు పక్కకి జరిపి, "కానీ అది బండే" అన్నాడు. మళ్ళీ మొదలైంది. టీ చల్లారిపోయింది, మళ్ళీ కాచాను. సర్దార్జీ నడుమ నడుమ బూరెలు తీసుకుంటూనే ఉన్నాడు. ఆ కాసేపూ నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇంకొక్క గొంతు కలిస్తే చాలు, ఏమీ మారనట్టే ఉండేది. ఆ గొంతు ఉండి ఉంటే, చెట్టా బండా అన్నది కూడా తేలిపోయేది.

లిఫ్టు దాకా వెళ్ళి సాగనంపాను. తిరిగొచ్చి గ్లాసులు కడిగి బోర్లించాను. ఇల్లు అంత నిశ్శబ్దంగా నాకు అంతకు ముందెప్పుడూ అనిపించలేదు, ఆయన పోయిన నెలలో కూడా. ఎందుకో తరవాత అర్థమైంది. ఏడాదంతా వినవలసింది ఒకటి మిగిలి ఉంది నాకు. ఫోను మోగితే ఇదేనేమో, తలుపు కొడితే ఇదేనేమో. అది వినేశాను. ఇక ఎవరి నోటి నుంచీ నాకు రావలసిన మాటేదీ లేదు.

వాళ్ళు మళ్ళీ వస్తామన్నారు. వస్తారు, మంచివాళ్ళు. కానీ నాలుగో మనిషి లేక ఊళ్ళు వెళ్ళడం మానేశారు. సర్దార్జీకి మోకాళ్ళు పట్టేశాయి. ఎక్కడికీ వెళ్ళిరానివాళ్ళు ఆదివారం వచ్చి ఏం చెబుతారు? వస్తే ఆరోగ్యాల గురించి మాట్లాడి వెళుతున్నారు. అది పార్కులో కూడా దొరుకుతుంది.

పలక టీవీ పక్కన పెట్టాను. పోయిన వారం మా అమ్మాయి వచ్చినప్పుడు దాని కొడుకుకి ఆ ఇంగ్లీషు చదివి వినిపించింది. "నానాజీ నే సీధా మారా థా?" అని అడిగాడు వాడు, తాత సూటిగానే కొట్టాడా అని. "హాఁ బేటా, ఏక్‌దమ్ సీధా" అంది అది. నేను వంటింట్లోంచి వింటున్నాను. కాదురా, చెట్టుకి తగిలింది అని చెప్పబోయాను. వాడికి నా తెలుగు సగమే తెలుస్తుంది, నా హిందీకి నవ్వుతాడు. చెప్పేసరికి వాడు వాళ్ళమ్మ ఫోనులో మునిగిపోయాడు.

అప్పుడే అనుకున్నాను రాయించాలని. ఆ ముగ్గురూ పెద్దవాళ్ళు, నేనూ పెద్దదాన్నే. మేం పోతే ఆ ఇత్తడి రేకు ఒక్కటే మిగులుతుంది. ఆ రేకు ప్రకారం ఆయన గొప్ప ఆటగాడు. నేను కాపరం చేసింది ఆ మనిషితో కాదు. కుడికి కొట్టి, చెట్టు దయవల్ల గెలిచి, గడ్డిలో కూలబడి నవ్వినాయనతో.

ఇంతే తల్లీ, చాలు. పెన్ను పక్కన పెట్టు. నువ్వు చదువుకున్న పిల్లవి, నేను చెప్పింది వంకరగా ఉందని ఎక్కడన్నా చక్కబరిచి ఉంటావు. మొదటినుంచీ పైకి చదువు, మెల్లిగా. చెట్టు సంగతి సరిగ్గా పడిందో లేదో నేను వినాలి.